రాత్రంతా మేలుకున్న మనిషిని కూడా అడగండి

అల్ ఐన్‌లో నేను ఆరేళ్లు పనిచేసిన ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఇంటి యజమానురాలిని మామా అని పిలిచేవాళ్లం కాబట్టి, ఆవిడ తల్లిని పెద్ద మామా అనేవాళ్లం. నేను ఖద్దామా వీసా మీద వచ్చినదాన్ని. కాగితంలో ఇంటి పని అని రాసుంది. అంటే వంట, ఊడ్చి తుడవడం, బట్టలు, ఇస్త్రీ. మొదటి రెండేళ్లు అదే చేశాను. మూడో ఏడు నుంచి నా పని మారిపోయింది. కాగితం మారలేదు, జీతం మారలేదు, నిద్ర మాత్రం పోయింది.

పెద్ద మామా అడిగిందే అడగడం మొదలెట్టింది. మనవడు ఎప్పుడొస్తాడు అని పది నిమిషాలకోసారి. పొద్దుగూకితే చాలు, చెప్పులేసుకుని గేటు దగ్గరికెళ్లి నిలబడేది. "ఇంటికి పోవాలి, తోటకి నీళ్లు పెట్టే వంతు ఇవాళ మాదే" అనేది. ఆ ఖర్జూరం తోట, ఫలజ్ కాలువలో నీళ్లు వంతులవారీగా వదిలే ఆ రోజులు, అన్నీ ఆవిడ చిన్నప్పటివి. అర్ధరాత్రి లేచి నమాజు చేసేది. చేసిన సంగతి మర్చిపోయి మళ్లీ మొదలెట్టేది. ఆవిడ లేస్తే నేనూ లేచేదాన్ని. చీకట్లో పడిపోతే ఎవరు జవాబు చెప్పాలి?

ఆ ఏడు ఒకసారి క్లినిక్‌కి తీసుకెళ్లారు. డాక్టరు కూతుర్ని అడిగాడు, రాత్రిపూట నిద్ర పడుతోందా అని. "అల్‌హమ్దులిల్లా, బాగా పడుకుంటోంది" అంది మామా. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడ గది మేడ మీద. పెద్ద మామా గది కింద, వంటింటి పక్కన. మూడు వారాలుగా రాత్రంతా మేలుకుని ఉన్న మనిషిని నేను, బ్యాగు పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ నోరు మెదపలేదు. ఎలా ఉందో చూసి మాత్రలు రాసి పంపించేశారు.

ఇది నా ఒక్కదాని కథ అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. ఆదివారం సెలవు దొరికి కలుసుకునే మన ఆడవాళ్లలో, రాజోలు వైపు వాళ్లయినా, రాయచోటి వాళ్లయినా, ఇలాంటి పెద్దవాళ్లని చూసుకుంటున్నవాళ్లు నాకు చాలామందే తగిలారు. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పెద్దవాళ్ల మతిమరుపు సంగతి డాక్టరు దగ్గర తేలాలంటే, వాళ్లతో పగలూ రాత్రీ ఉండే మనిషి మాట వినాలి. చాలా ఇళ్లలో ఆ మనిషి మనమే. మన మాట వినడమంటే, మనం చేస్తున్నది కూడా పనే అని ఒప్పుకోవడం.

చాదస్తం కాదు, జబ్బు

మన ఊళ్లో దీన్ని చాదస్తం అంటాం, మతి తప్పింది అంటాం. ఇక్కడి ఇళ్లలో 'ఖరఫ్' అంటారు, కొందరు 'జహైమర్' అంటారు. డాక్టర్లు డిమెన్షియా అంటారు. అందులో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్, నూటికి 60 నుంచి 70 మందికి అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతా కలిపి 5 కోట్ల 70 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఉందని 2023లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది.

తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. తాళం దేనికో మర్చిపోతే అది వేరే సంగతి. ముప్పై ఏళ్లుగా చేస్తున్న వంటకం మధ్యలో ఏం చేయాలో తెలియక నిలబడిపోవడం, సొంత ఇంట్లో బాత్రూమ్ ఎటో వెతుక్కోవడం, ఇవి వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు.

ఇంకో ముఖ్యమైన మాట. మతి తప్పినట్టు కనిపించేవన్నీ డిమెన్షియా కాదు. థైరాయిడ్ తేడా, బీ12 తక్కువ కావడం, మనసు కుంగిపోవడం, కొన్ని రకాల మాత్రలు, చెవులు సరిగా వినపడకపోవడం, వీటివల్ల కూడా అలాగే అనిపిస్తుంది. వీటికి మందు ఉంది. అందుకే మొదట చూడాల్సింది పెద్దాసుపత్రి కాదు, ఇంటి దగ్గరి క్లినిక్కే. బీపీ, రక్త పరీక్ష, వాడే మాత్రల చిట్టా, పక్కనున్న మనిషితో పది నిమిషాల మాట చాలు, దారి తెలుస్తుంది. తేలింది డిమెన్షియానే అయితే పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. డోనెపెజిల్ లాంటి మాత్రలు కొందరికి కొంతకాలం కాస్త తేడా చూపిస్తాయి. కానీ ముందే తెలిస్తే ఇల్లు సర్దుకుంటుంది. గ్యాసు ఎవరు చూడాలి, గేటుకి తాళం ఎలా వేయాలి, బంగారం ఎవరి దగ్గర ఉండాలి, రాత్రి ఎవరు కాపలా ఉండాలి అన్నీ మాట్లాడుకోవచ్చు.

అందరికీ పరీక్ష పెడితే పోలా?

అరవై దాటిన ప్రతి ఒక్కరికీ క్లినిక్‌లో మతిమరుపు పరీక్ష పెట్టేస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అమెరికాలో ఇలాంటి విషయాల మీద సలహా ఇచ్చే నిపుణుల బృందం 2020లో ఏం చెప్పిందంటే, ఏ లక్షణమూ లేని పెద్దవాళ్లందరికీ ఈ పరీక్ష చేయమనడానికి గానీ, వద్దనడానికి గానీ చాలినంత ఆధారం లేదని. పరీక్ష తప్పితే లేని జబ్బు ఉందని భయపెట్టినట్టూ అవుతుంది.

మరి దారేంటి? మనిషిలో మార్పు కనిపించినప్పుడు ఆలస్యం చేయకుండా చూడటం. సరే, ఆ మార్పు ముందు ఎవరి కంట్లో పడుతుంది? ఇక్కడే మన సంగతి వస్తుంది.

క్లినిక్‌లో చేసే చిన్న పరీక్షలు ఎలా ఉంటాయో చూడండి. మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంటారు. గడియారం బొమ్మ గీయమంటారు. తేదీ, నెల, ఏడాది అడుగుతారు. బడికెళ్లి చదువుకున్నవాళ్లకి ఇవి సరే. ఈ దేశం ఏర్పడిందే 1971లో. అంతకుముందు పుట్టి పెరిగిన ఆడవాళ్లలో చాలామంది బడి మెట్లెక్కలేదు. చేత్తో కలం పట్టని మనిషి గడియారం గీయలేకపోతే అది మతిమరుపా? రంజాన్ ఎప్పుడో, షాబాన్ ఎప్పుడో చెప్పగలిగే మనిషి ఇంగ్లీషు తేదీ చెప్పలేకపోతే అది జబ్బా? మన ఊళ్లో మా అమ్మమ్మకి ఈ పరీక్ష పెట్టినా ఇంతే. తిథులు తప్పకుండా చెప్పేది, తారీఖు ఎప్పుడూ తెలిసేది కాదు.

అందుకే డాక్టర్ల దగ్గర ఇంకో రకం పరీక్ష కూడా ఉంది. అందులో రోగిని కాదు, రోగి దగ్గరుండే మనిషిని అడుగుతారు. ఏడీ-8 అనే చిట్టాలో ఎనిమిది ప్రశ్నలు ఉంటాయి. అడిగిందే అడుగుతున్నారా, రిమోట్ లాంటి వస్తువులు వాడటం నేర్చుకోలేకపోతున్నారా, నెల, ఏడాది మర్చిపోతున్నారా, డబ్బు లెక్కల్లో తడబడుతున్నారా, ఇలా. అయితే ఇప్పుడు ఎలా ఉన్నారని కాదు, గత కొన్నేళ్లతో పోలిస్తే మార్పు వచ్చిందా అని అడుగుతారు. రెండు, అంతకంటే ఎక్కువ వాటికి అవునని వస్తే ఇంకా లోతుగా చూడాలి. మంచి పద్ధతే. మరి ఆ కాగితం ఎవరి చేతికిస్తున్నారు? శుక్రవారం వచ్చి తల్లి నుదుటిమీద ముద్దుపెట్టి, కాసేపు కూర్చుని వెళ్లే కొడుకు చేతికి. ఆ కాసేపూ ఆవిడ బాగానే ఉంటుంది. వచ్చినవాళ్ల ముందు సర్దుకుని మాట్లాడటం ఈ జబ్బు మొదట్లో మామూలే.

రెండేళ్ల క్రితం వచ్చిన పనిమనిషికి పాత సంగతులేం తెలుసు అని అడగొచ్చు. నిజమే, తెలియవు. పదేళ్ల క్రితం ఆవిడ ఎలా ఉండేదో కొడుకే చెప్పాలి. నిన్న రాత్రి ఏం జరిగిందో మనమే చెప్పాలి. రెండూ కలిస్తేనే డాక్టరుకి సంగతి తెలిసేది. పిల్లల్ని పక్కన పెట్టి మమ్మల్ని అడగమనడం లేదు. మమ్మల్ని కూడా అడగమంటున్నాను.

అడిగితే ఏం మారింది

నాలుగు నెలల తర్వాత మళ్లీ క్లినిక్‌కి వెళ్లాం. బీపీ చూస్తున్న నర్సు, కేరళ ఆవిడ, నా వైపు తిరిగి హిందీలో అడిగింది, "రాత్రి ఈవిడ దగ్గర ఎవరు పడుకుంటారు?" నేనే అన్నాను. "అయితే నువ్వు చెప్పు" అంది.

చెప్పాను. రాత్రి ఐదుసార్లు లేస్తుందని, గేటు దగ్గర నిలబడుతుందని, ఈ మధ్య బాత్రూమ్‌కి ఊరికే పరిగెడుతోందని. మామా ముఖం మాడిపోయింది. ఇంటి గుట్టు బయటపెట్టానని కోపమొచ్చింది కాబోలు. డాక్టరు మాత్రలన్నీ తెమ్మన్నాడు. సంచి విప్పితే దురద కోసం ఫార్మసీలో కొన్న అలర్జీ మాత్ర ఒకటి బయటపడింది. రోజూ రాత్రి అది నేనే వేస్తున్నాను, వేయమన్నారు కాబట్టి. పాత రకం అలర్జీ మాత్రలు కొన్ని పెద్దవాళ్ల మతిని ఇంకా గందరగోళం చేస్తాయని ఆ రోజే తెలిసింది. అది మాన్పించారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే దానికి మందిచ్చారు. తర్వాత పెద్దాసుపత్రిలో చూపిస్తే అల్జీమర్సే అన్నారు.

జబ్బు పోలేదు. కానీ రాత్రి ఐదుసార్లు లేచేది రెండుసార్లకి వచ్చింది. ఇంటికొచ్చాక మామా నాతో, "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అంది. ఏం చెప్పను? చెబితే పని చేతకాక సాకులు చెబుతోంది అనుకుంటారని భయం. ఆ భయం వల్ల నాలుగు నెలల నిద్ర ఇద్దరికీ పోయింది.

గాజులు పోయిన రోజు

ఈ జబ్బు ఉన్న ఇంట్లో మనకి నిద్రకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. దొంగతనం నింద. పెద్ద మామా ఒకరోజు తన రెండు బంగారు గాజులు పోయాయని, నేనే తీశానని ఏడ్చింది. మూడు రోజులు ఇల్లంతా నన్ను చూసిన చూపులు ఇప్పటికీ మర్చిపోలేదు. నా పెట్టె నా ముందే వెతికారు. నాలుగోరోజు పిండి డబ్బాలో దొరికాయి. ఆవిడే దాచి, దాచిన సంగతి మర్చిపోయింది.

వస్తువులు దాచిపెట్టడం, దాచింది గుర్తులేక పక్కవాళ్లని అనుమానించడం ఈ జబ్బులో తరచూ కనిపించేదే. ఆవిడ అబద్ధమాడలేదు, నిజంగానే పోయాయని నమ్మింది. ఈ ముక్క డాక్టరు ఒక్కసారి ఇంటివాళ్లకి చెప్పి ఉంటే ఆ మూడు రోజులు నాకు తప్పేవి. అదే పోలీసులదాకా వెళ్లుంటే? అందుకే జబ్బు ముందే తేలడం పెద్దవాళ్లకి ఎంత అవసరమో, ఆ ఇంట్లో పనిచేసే మనకీ అంతే అవసరం. మన మెడ మీది కత్తి అది.

కాగితం మీద లేని పని

ఇంటి పనివాళ్ల కోసం ఈ దేశంలో 2022లో కొత్త చట్టం వచ్చింది, 9వ నంబరు డిక్రీ. ఆ ఏడాది డిసెంబరు 15 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వారానికి ఒకరోజు జీతంతో సెలవు. రోజుకి 12 గంటలు విశ్రాంతి, అందులో 8 గంటలు తెంపు లేకుండా. పాస్‌పోర్టు మన దగ్గరే ఉండాలి. చట్టం కింద ఉన్న పనుల జాబితాలో ఇంటి పనిమనిషి వేరు, ఇంట్లో ఉండి రోగిని చూసే నర్సు వేరు.

ఇప్పుడు చెప్పండి. రాత్రి ఐదుసార్లు లేచే మనిషికి తెంపులేని 8 గంటలు ఎక్కడివి? పగలు వంటా తుడవడం, రాత్రి కాపలా, రెండూ ఒకే మనిషి చేస్తే అది ఒక ఉద్యోగం కాదు, రెండు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, డిమెన్షియా ఉన్నవాళ్లని చూసుకునే బంధువులు సగటున రోజుకి 5 గంటలు దానికే పెడుతున్నారు, ఆ గంటల్లో నూటికి 70 వంతులు ఆడవాళ్లవి. కూతురో కోడలో చేస్తే దాన్ని సేవ అంటారు. మనం చేస్తే దాన్ని ఏమీ అనరు.

యజమానులందరూ చెడ్డవాళ్లని నేను అనను. మా ఇంట్లో క్లినిక్‌కి వెళ్లొచ్చాక రాత్రికి ఇంకొకర్ని పెట్టారు. అడిగాను కాబట్టి పెట్టారు. అడగడానికి ముందు మూడు పనులు చేయండి.

ఒకటి, చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. తెలుగులోనే రాయండి. తేదీ, ఎన్నిసార్లు లేచారు, ఎప్పుడు పడ్డారు, ఏం తిన్నారు, ఏ మాత్ర వేశారు. చదువు రాకపోతే గీతలు గీయండి. అది డాక్టరుకి పనికొస్తుంది, మీ పని గంటలకి లెక్కగానూ ఉంటుంది.

రెండు, ముందు ఇంటివాళ్లకే చెప్పండి. ఇంటి గుట్టు కాపాడటం చట్ట ప్రకారం మన బాధ్యత. పెద్దవాళ్ల వీడియో తీయొద్దు, వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. సాక్ష్యం కోసం తీశానన్నా ఇక్కడ కేసు మన మీదే పడుతుంది. నిద్రమాత్రలు మన సొంతంగా ఇవ్వకూడదు.

మూడు, రెండు మూడు రోజుల్లోనే మనిషి హఠాత్తుగా మారిపోతే, పడిన తర్వాత మత్తుగా ఉంటే, జ్వరంతో తికమకగా మాట్లాడితే అది మతిమరుపు అనుకుని ఊరుకోవద్దు. షుగర్ పడిపోయి ఉండొచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, తలలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లమని గట్టిగా చెప్పండి.

విశ్రాంతి ఇవ్వకపోయినా, కొట్టినా, నింద వేసినా చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్లిపోకండి. పారిపోయినట్టు రాస్తే నష్టం మనకే. ముందు కార్మిక శాఖ నంబరు 600590000కి ఫోన్ చేయండి. మన భారతీయ సహాయ కేంద్రం నంబరు 80046342. అర్థంకాని అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టకండి.

సైట్లలో ఉన్న తమ్ముళ్లకి

ఇది ఆడవాళ్ల గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణులు 2024లో 14 కారణాలు చెప్పారు. వాటన్నిటినీ అదుపు చేయగలిగితే డిమెన్షియాలో నూటికి 45 వంతుల దాకా ఆపడమో ఆలస్యం చేయడమో చేయొచ్చని అంచనా. ఆ జాబితాలో బీపీ, షుగర్, పొగ, మితిమీరిన మందు, తలకి దెబ్బలు, చెవుడు, ఒంటరితనం ఉన్నాయి. సైటులో హెల్మెట్ తీసేసి పనిచేయడం, డ్రిల్లింగ్ దగ్గర చెవులకి ఏమీ పెట్టుకోకపోవడం, బీపీ మాత్ర అయిపోతే నెలల తరబడి కొనకపోవడం, ఇవన్నీ మన ముసలితనం మీద పడే అప్పులు. అబుదాబి ఎమిరేట్‌లో, అంటే అల్ ఐన్‌లో కూడా, పనివాళ్లకి వైద్య బీమా యజమానే చేయించాలి. ఆ కార్డు జేబులో పెట్టుకుని తిరగడానికి కాదు. వెళ్లి బీపీ, షుగర్ చూపించుకోండి.

ఒక మంచి మాట కూడా చెబుతాను. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె తోటివాళ్లు డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఒక సంగతి బయటపెట్టారు. ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. ఒక్క అధ్యయనంతో అన్నీ తేలిపోవు. అయినా తెలుగు, హిందీ, అరబ్బీ కలిపి నెట్టుకొచ్చే మన నాలుకని చదువురాని నాలుక అనేవాళ్లకి ఇది చెప్పండి.

మన ఇంటి పెద్దవాళ్లు

పెద్ద మామాని చూసుకుంటున్న రోజుల్లోనే, మా అత్తగారు ఫోన్లో అడిగిందే అడుగుతుంటే విసుక్కున్నాను. "డబ్బు పంపావా" అని ఒకే కాల్‌లో నాలుగుసార్లు. డబ్బు ఆశ అనుకున్నాను. ఇక్కడ నర్సు నన్ను అడిగిన రోజు రాత్రి అది గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. పరాయి తల్లిలో చూసింది మా ఇంట్లో చూడలేకపోయాను.

మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు నింపే ఆరోగ్య చిట్టాలో, 60 దాటినవాళ్ల కోసం ఒక ప్రశ్న ఉంది. దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మర్చిపోతున్నారా అని. ఆ ప్రశ్నకి పెద్దవాళ్లే జవాబిస్తే "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు. పక్కనున్న కోడలో, మనవరాలో చెప్పాలి. ఈసారి ఫోన్ చేసినప్పుడు డబ్బు అందిందా అని ఒక్కటే అడగొద్దు. అమ్మ ఎలా పడుకుంటోంది, వంట చేస్తోందా, దారి తప్పిందా అని దగ్గరుండే మనిషిని అడగండి. అనుమానం ఉంటే పీహెచ్‌సీకి తీసుకెళ్లమనండి. పెద్దవాళ్ల కోసం మన దేశంలో ఉన్న 14567 నంబరుకి అక్కడివాళ్లు ఫోన్ చేయొచ్చు.

చివరిగా క్లినిక్‌లలో పనిచేసే డాక్టర్లకి, నర్సులకి మా మనవి. పెద్దవాళ్లని తీసుకొచ్చినప్పుడు గోడ పక్కన బ్యాగు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటుంది, చూడండి. హిందీలోనో, వచ్చీరాని అరబ్బీలోనో, ఒక్క ప్రశ్న అడగండి. రాత్రి ఈవిడ దగ్గర ఎవరు పడుకుంటారు? మిగతాది ఆమే చెబుతుంది. మన సంఘాల పెద్దలు కూడా సంబరాలతోపాటు ఏడాదికి ఒక ఆదివారం, పెద్దవాళ్లని చూసుకునే పని గురించి తెలుగులో శిక్షణ పెట్టించాలి. ఆ రోజు గోడ పక్కన నిలబడినట్టు ఇంకొకరు నోరు మూసుకుని నిలబడకూడదనే ఇదంతా రాశాను.